నా నెత్తిన ఆరు గాడులు

బర్రె ఎముకను నేను. కొవ్వు పోయేదాకా శుభ్రం చేసి, ఎండబెట్టి, వేలెడంత కడ్డీగా కోసి అమ్మితే మామిడిపల్లి చేరాను. ఇప్పుడు నా కాపురం ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ చేసే ఒక కుర్రాడి ఎలక్ట్రిక్ గిటారు మెడ మీద. కీల నుంచి దిగిన ఆరు తీగలూ తొలి ఫ్రెట్టుకు ముందు నా మీదుగానే పోతాయి. నన్ను నట్ అంటారు.

నాకు ముందు ఆ చోట ఉన్నది ప్లాస్టిక్‌ది. అడుగున డొల్ల.

"అన్నా, ట్యూన్ చేసిన రెండు నిమిషాలకే దిగిపోతున్నది. కీలు మార్చేద్దామా?" అన్నాడు కుర్రాడు, గిటారు బాగుచేసే పెద్దాయనతో.

ఆయన జవాబు చెప్పకుండా మూడో తీగ కీ మెల్లగా తిప్పాడు. టింగ్‌మని చప్పుడైంది. "విన్నవా తమ్మీ? తీగ గాడిల ఇరుక్కుంటున్నది. కీల తప్పేం లేదు."

కొత్తది ఏది కొనాలన్న దగ్గర కుర్రాడు చాలా ఊగాడు. ఇత్తడిదా, గ్రాఫ్‌టెక్ వాళ్ల టస్క్‌దా, ఎముకదా అని. పెద్దాయన అడిగినవి మాత్రం కొలతలు. గిటారు స్ట్రాటోకాస్టర్ తరహాది కాబట్టి వెడల్పు 42 మిల్లీమీటర్లు. గిబ్సన్ తరహా అయితే 43 దాకా ఉండేది. మందం 3 మిల్లీమీటర్ల పైచిలుకు. అడుగు చదునా, వంపా అన్నది పాతది ఊడదీశాకే తేలింది: చదును. ఎముకను కాబట్టి నా గొప్ప నేను చెప్పుకోవాలి గానీ, నిజం వేరు. వేలితో ఫ్రెట్టు నొక్కాక ఆ తీగ నాదంలో నా పాత్ర దాదాపు ఉండదు. గాడి చెడగొట్టిన ఎముక కన్నా గాడి కుదిరిన ప్లాస్టిక్కే మేలు.

పాతదాని చుట్టూ వార్నిష్‌ను బ్లేడుతో గీసి, చెక్కముక్క ఆనించి తట్టి తీశాడు. నన్ను గాజుపలక మీద పరిచిన గరుకు కాగితానికి రుద్దుతుంటే గది నిండా కాలిన వెంట్రుకల కంపు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అసలు పని గాడులది. తీగల మధ్య ఖాళీ సమానంగా కనిపించాలి, అందుకని లావు తీగల పక్క కొంచెం ఎక్కువ చోటు వదిలాడు. అన్నిటికన్నా లావు తీగ మందం అంగుళంలో వెయ్యికి 46 వంతులు. దాని గాడికి అంతకన్నా పిసరంత వెడల్పైన ఆకురాయి. గాడి కీల వైపు వాలాలి. తీగ నన్ను వదిలే చోటు ఫ్రెట్ల వైపు అంచే కావాలి, లేకపోతే జువ్వుమంటుంది. తర్వాత మూడో ఫ్రెట్టు దగ్గర తీగ నొక్కి, తొలి ఫ్రెట్టు మీద ఎంత సందుందో చూశాడు. పల్చటి కాగితం దూరేంత. ఎత్తు మిగిలితే తొలి ఫ్రెట్ల దగ్గర శ్రుతి పైకి పోతుంది, ఎఫ్ కార్డు పట్టలేక వేళ్లు నొప్పెడతాయి. మరీ లోతుకు కోస్తే నొక్కని తీగ ఫ్రెట్టుకు తగిలి గరగరమంటుంది. అప్పుడు ఎముక పొడి, ఫెవిక్విక్ కలిపి గాడి నింపి మళ్లీ కోయాల్సిందే. నా విషయంలో ఆ అవసరం రాలేదు.

ఈ గాడుల లెక్క గిటారుకే కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ మామూలు మాండలిన్‌కుండే జంట తీగలు వదిలేసి, ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ఐదు ఒంటి తీగలు పెట్టుకుని కర్ణాటక సంగీతం వాయించాడు. నాలుగు జంటలకు కోసిన నట్ ఐదు తీగలకు ఎలా కుదురుతుంది? వాద్యం మారితే ముందు మా గాడులే మారాలి.

నన్ను అంటించడానికి ఒక్క చుక్క జిగురు చాలంది. "రేపు దీన్ని గూడ తియ్యాలె కద" అన్నాడు పెద్దాయన. విమానం పోయేదాకా ఆగి ట్యూన్ చేశారు. కుర్రాడు ట్రెమొలో కడ్డీ వంచి వదిలితే తీగలు మళ్లీ శ్రుతికి వచ్చాయి.

మీ గిటారు కూడా మాటిమాటికీ శ్రుతి తప్పుతుంటే కీల మీద డబ్బు పోయకముందు, తీగ ఎత్తి గాడిలో మెత్తటి పెన్సిల్ ముల్లు రాసి చూడండి. తేడా తెలిస్తే తప్పు నట్‌దే.