మూడో ముడి ఎక్కడుంది?

మా ఉత్తరాంధ్రలో ఏ ఇంట్లోనైనా బీరువా తీయండి. పట్టుచీరల అడుగున ఒక పెళ్లి డీవీడీ తగులుతుంది. కవరు మీద దంపతుల వెనక స్విట్జర్లాండు మంచుకొండలు. పెళ్లయింది బొబ్బిలిలో. డీవీడీ ప్లేయరు ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయింది, కొత్త ల్యాప్‌టాప్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. బంధువర్గం మొత్తంలో బయట తగిలించుకునే డిస్కు డ్రైవు నా ఒక్కడి దగ్గరే ఉందని ఎలా పొక్కిందో పొక్కింది.

ముందుగా శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి మా అత్తయ్య దిగింది. "ఒరే, నా పెళ్లి సెల్లులోకి ఎక్కించీ. అంతేకదేటి?"

అంత తేలికేం కాదు. వీడియో డీవీడీ తెరిస్తే లోపల సినిమా ఒక ముక్కగా ఉండదు. జీబీ దాటకుండా వీఓబీ ఫైళ్లుగా కోసి ఉంటుంది. కోసేటప్పుడు ముహూర్తం చూడరు. అత్తయ్య పెళ్లిలో రెండు ముళ్లు ఒక ఫైల్లో, మూడోది తర్వాతి దాంట్లో పడ్డాయి. నేను అతికించేలోపే ఇంటర్ చదివే వాళ్లబ్బాయి మొదటి ముక్క లాక్కుపోయి వాళ్ల నాన్నకి చూపించాడు. మావయ్య కళ్లజోడు సర్దుకుని, "అయితే ఇంకా పూర్తవలేదన్నమాట" అన్నాడు. ఆ గొంతులో ఆశ అత్తయ్యకి నచ్చలేదు.

సినిమా డిస్కుల జోలికి నేను పోలేదు. మోజర్‌బేర్ వాళ్లు 34 రూపాయలకే అమ్మిన రోజుల్లో కొన్నవి అటకనిండా ఉన్నాయిగానీ, సినిమా డిస్కులకి సాధారణంగా తాళం ఉంటుంది. పెళ్లి డిస్కుకి ఉండదు. ఎవడెత్తుకుపోతాడు?

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుకి అప్పగిస్తే అది ఎంపీ4గా కుదిస్తుంది. పాత టీవీల పాల్ పద్ధతిలో సెకనుకి 50 అరబొమ్మలు కాబట్టి, అత్తయ్య చెయ్యి కదిపినప్పుడల్లా అంచుకి దువ్వెన పళ్లు మొలుస్తాయి. డీఇంటర్‌లేస్ పెడితే పోతాయి. అసలు చిక్కు సైజు దగ్గర. కుదించే పద్ధతి ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ ఏం మారిందో అదే ముఖ్యంగా రాసుకుంటుంది. పంతులుగారు కదలరు, ఆయన మంత్రాలన్నీ కారుచౌకగా వచ్చేశాయి. తలంబ్రాల దగ్గర ప్రతి గింజా తన దారిన పోతుంది, ఫైలు ఉబ్బింది. వాటి మీద వీడియోగ్రాఫరు సొంత ఖర్చుతో కురిపించిన గులాబీరేకులు, నక్షత్రాలు! మూడు ముళ్లకంటే ఆ రేకులకే ఎక్కువ ఎంబీలయ్యాయి. మా తాతయ్య ఇచ్చిన పైడితల్లమ్మ సిరిమాను జాతర డిస్కు ఇంకో కథ. విజయనగరంలో ఏదో మేడమీంచి తీసింది, తెరనిండా జనం, ఒక్క తలా నిలకడగా లేదు. ల్యాప్‌టాప్ ఫ్యాను రాత్రంతా రొద. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కదా, ఒకసారి ఉంచి మిగతావి తీసేద్దామా అన్నాను. "అమ్మవారి తిరుగుడు కొయ్యడానికి నువ్వెవడివిరా?" అన్నాడు. మూడూ ఉంచాను.

డిస్కు మీద రాత లోపలినుంచి అంచువైపు సాగుతుంది. మనం పట్టుకునేది అంచు. అందుకని గీతలూ వేలిముద్రలూ చివరి ఘట్టాన్ని తినేస్తాయి. పిన్ని పెళ్లిలో అప్పగింతలు మొత్తం గళ్లుగళ్లుగా చెదిరిపోయాయి. తుడిచాను, ఇంకో డ్రైవులో పెట్టి చూశాను, రాలేదు. "నానెంత ఏడ్సినానురా ఆ రోజు! అది లేకపోతే ఇంకేటి పెళ్లి?" అని పిన్ని మళ్లీ మొదలెట్టింది. బాబాయి మాత్రం ఉన్నది చాలన్నాడు.

ఇప్పుడందరి సెల్లుల్లోనూ అందరి పెళ్లిళ్లూ ఉన్నాయి. పూర్తిగా చూసినవాళ్లు లేరు. అత్తయ్య తిన్నగా చదివింపుల దగ్గరికి జరిపింది. మైకులో వినిపించింది: పెళ్లికొడుకు అన్నగారు, నూటపదహార్లు. వెనక్కి జరిపి మళ్లీ విన్నది. మూడోసారి మావయ్యకి వినిపించింది.

"మీ అన్నయ్య వెయ్యినూటపదహార్లన్నావే! ఒరే, ఈ ముక్క కోసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టీ."