జాయినింగ్ డేట్ ఇంజనీరు

బీదర్‌లో ఖాళీగా తిరగడం అంత తేలికైన పని కాదు. వేరే ఊళ్ళలో ఉద్యోగం లేనివాణ్ణి ఒక భాషలోనే పరామర్శిస్తారు. ఇక్కడ నాలుగు భాషలు. పొద్దున పాలప్యాకెట్టు కోసం గడప దాటితే పక్కింటి కన్నడాయన "ఏనపా, నౌకరి సిక్తేను?" అంటాడు. మూలమీద చాయ్ హోటల్ చాచా "క్యా మియా, నౌక్రీ కా క్యా హువా?" అంటాడు. వెనకింటి మరాఠీ ఆజీ "నోకరీ లాగలీ కా రే?" అని కిటికీలోంచే కేకేస్తుంది. ముగ్గురినీ తప్పించుకుని ఇల్లు చేరితే అసలైన తెలుగు మేనమామ జహీరాబాదు నుంచి దిగి, చెప్పులు కూడా విప్పకుండా అరుగుమీద కూర్చుని ఉంటాడు. "ఏం రా అల్లుడా, బెంగళూరు ఎప్పుడు పోతున్నవ్?"

నలుగురికీ ఒకటే జవాబు. "ఆఫర్ లెటర్ వచ్చింది, డేట్ రావాలి." ఈ జవాబుతో ఏడాదికి పైగా నెట్టుకొచ్చినవాణ్ణే మేం జాయినింగ్ డేట్ ఇంజనీరు అంటాం. 2008, 2009లో మా గల్లీల్లో ఈ జాతి విరివిగా కనిపించేది. 1980లో గురునానక్ దేవ్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చిన తర్వాత మా ఊళ్ళో ఇంటికో ఇంజనీరు తయారయ్యే రోజులు దగ్గరపడ్డాయి. ఆ రోజులు వచ్చేసరికి ఉద్యోగాలు దూరం జరిగాయి.

మనవాడి తండ్రి పప్పు మిల్లులో గుమాస్తా. కొడుక్కి ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో జరిగిన మొదటి పని లామినేషన్. వాళ్ళమ్మ దాన్ని వెంకటేశ్వరస్వామి పటం పక్కన నిలబెట్టి బొట్టు పెట్టింది. రెండో పేజీమీద సంతకం చేసి తిరిగి పంపాలని అందులోనే రాసి ఉందని వారం తర్వాత ఎవరో చదివి చెప్పారు. ప్లాస్టిక్ మీద పెన్ను సాగదు కదా. బ్లేడుతో అంచులు కోసి, ఇస్త్రీపెట్టె వేడి చూపించి, తండ్రీకొడుకులు చెరోవైపు పట్టుకుని లాగితే కాగితం వచ్చింది గానీ, జీతం అంకెలో ఒక సున్నా ప్లాస్టిక్‌కే అంటుకుని పోయింది. ఆ ఏడు ప్రపంచమంతా సున్నాలు పోగొట్టుకుంది. వీళ్ళు ఎవరి సాయం లేకుండా ఇంట్లోనే పోగొట్టుకున్నారు.

2008 సెప్టెంబరు 15న న్యూయార్కులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. బీదర్‌లో గుమాస్తా ఇంట్లో కొత్త కూలర్ కొనే ఆలోచన ఆగిపోయింది. "అన్నదమ్ములు పంచుకునే కాడ కొట్లాడుకుని ఉంటరు" అని తండ్రి చాలా రోజులు నమ్మాడు. ఆయన దగ్గర అలాంటి ఉదాహరణలు మిల్లులోనే రెండున్నాయి. అంతలో కంపెనీ నుంచి ఒక మర్యాదపూర్వకమైన ఈమెయిలు: చేరే తేదీ తర్వాత తెలియజేస్తాం. అంత మర్యాద మా ఊళ్ళో అప్పు ఎగ్గొట్టేవాళ్ళు మాత్రమే చూపిస్తారు.

2009 జనవరి 7న సత్యం సాఫ్ట్‌వేర్ కంపెనీ అధిపతి రామలింగరాజు ఉత్తరం బయటపడింది. ఖాతాల్లో చూపించిన 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని. దాంతో పెళ్ళి సంబంధాల రంగం కూడా కుప్పకూలింది. అంతకుముందు నారాయణఖేడ్ నుంచి ఒక పిల్ల తండ్రి రెండుసార్లు వచ్చి, పిల్లవాడి చొక్కా కొలతలు కూడా అడిగి వెళ్ళాడు. తర్వాత ఫోన్ చేస్తే ఆయన గొంతే మారింది. "సాఫ్ట్‌వేర్ వద్దనుకుంటున్నం బావా, సర్కారు బడి పంతులైనా సరే." కంపెనీ వాయిదా వేసినప్పుడు ఏడవనివాడు ఈ మాటకు కుంగిపోయాడు. చొక్కా కొలతలు ఊరికే ఇచ్చినట్టయింది మరి.

అదే ఏడు కందిపప్పు కిలో తొంభై దాటింది. చుట్టూ కంది పండే జిల్లా, తండ్రి కొలువు పప్పు మిల్లులో, ఇంట్లో పులుసే గతి. కంచంలో అడుగు కనిపిస్తుంటే వాళ్ళమ్మ "ఒంటికి మంచిదిరా, తేలిగ్గా అరుగుతది" అనేది. పెద్దవాళ్ళ అబద్ధాలను పట్టుకోగలిగి కూడా పట్టుకోకుండా తినడం మనవాడు ఆ వేసవిలోనే నేర్చుకున్నాడు.

మధ్యలో హైదరాబాదు అమీర్‌పేట యాత్ర జరిగింది. అది తప్పదు. జొన్నరొట్టెలు, పల్లికారం కట్టుకుని జహీరాబాదు మీదుగా బస్సెక్కాడు. మైత్రీవనం చుట్టుపక్కల జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్ అని బోర్డులమీద బోర్డులు, ఆకాశం కనపడకుండా. ఒక గదిలో ఆరుగురు, ఆరుగురికీ కలిపి ఇస్త్రీ చేసిన ఇంటర్వ్యూ ప్యాంటు ఒకటి. నడుం పెద్దవాడికి ఉదయం ఇంటర్వ్యూ, సన్నవాడికి మధ్యాహ్నం, బెల్టుతో. జావా ఎంత వచ్చిందో గానీ రొట్టెలు అయిపోగానే మనవాడు వెనక్కి వచ్చేశాడు.

వచ్చాక చౌబారా దగ్గర ఒక బిద్రీ కార్ఖానాలో కూర్చోవడం మొదలుపెట్టాడు, కూర్చుంటే ఎవరూ ఏమీ అడగరని. తుత్తునాగంలో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. ఉలితో చెక్కిన గీతల్లో వెండి తీగ కొట్టి కూరుస్తారు. చివర కోట మట్టిని నవాసారంతో కలిపి మరిగించి పట్టిస్తే లోహం నల్లగా మారుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఆ మట్టి పనికొస్తుందో లేదో ఉస్తాద్ నాలికమీద వేసుకుని చెబుతాడు. మనవాడూ చిటికెడు వేసుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత "పీహెచ్ ఎంతుంటుంది?" అన్నాడు. ఉస్తాద్ "ఇంజనీర్ సాబ్, ఆప్ బైఠో, హాత్ నక్కో లగావ్" అని, ఉప్పు బుక్కినట్టు ముఖం పెట్టిన వాడికి బిల్లుబుక్కు ఇచ్చి పక్కకు కూర్చోబెట్టాడు. ఆ బిల్లులు ఎక్సెల్‌లో ఎక్కిస్తే ఎవరెవరు ఎంత బాకీయో మొదటిసారి బయటపడింది. వసూలుకు కూడా వాడినే పంపారు. అడిగించుకోవడంలో ఆరితేరినవాడు కదా, అడగడం తొందరగా వచ్చింది. నాలుగు భాషల్లో అడిగాడు. డబ్బులు వచ్చాయి.

సాయంత్రాలు నానక్ ఝిరా గురుద్వారాలో గడిచేవి. మొదట స్నేహితుణ్ణి కలవడానికి అని వెళ్ళేవాడు, సరిగ్గా లంగర్ వేళకే. ఊరికే తినడం మొహమాటమై రొట్టెల సేవకు కూర్చున్నాడు. వాడు ఒత్తిన రొట్టె కర్ణాటక పటంలా వచ్చేది. పైనున్న బీదర్ మాత్రం మాడిపోయేది. పక్కన కూర్చున్న పెద్ద సర్దార్జీ ఏమీ అనకుండా ఆ ముక్క తుంచి తనే తినేవారు. నెలలు గడిచేకొద్దీ రొట్టె గుండ్రంగా తిరిగింది. ఇంట్లో చెప్తే వాళ్ళమ్మ నమ్మలేదు, పీట ముందర వేసింది. ఆ రాత్రి రొట్టెలు వాడే చేశాడు, తండ్రి రెండు ఎక్కువ తిన్నాడు.

2010లో తేదీ వచ్చింది. నెట్ సెంటర్లో స్పాం పెట్టెలో, లాటరీ తగిలిందన్న రెండు ఉత్తరాల మధ్య కూర్చుని ఉంది. మూడిట్లో ఏది నిజమో తేల్చుకోవడానికి సెంటర్ యజమానికి అదనంగా అరగంట డబ్బులు కట్టాల్సి వచ్చింది. మొదటి జీతంలో పీఎఫ్ కోత చూసి "ఎవరు తీసుకున్నరు?" అని ఇంటికి ఫోన్ చేశాడట. రెండో నెల కూలర్ వచ్చింది. అప్పటికి చలికాలం.

ఇప్పుడు వాడు టీమ్ లీడరు. 2020 ఫిబ్రవరిలో బీదర్‌కు బెంగళూరు విమానం మొదలైంది, ఎక్కుదామనుకునేలోపు మార్చిలో లాక్‌డౌన్ పడింది. అద్దెకారులో ఇంటికొచ్చి, వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేశాడు. వీధిలో పోయే ఫైనల్ ఇయర్ కుర్రాళ్ళను ఆపి మరీ అడిగేవాడు, "ఏం రా, డేట్ వచ్చిందా?" చాచా కంటే, ఆజీ కంటే, మేనమామ కంటే గట్టిగా. సెలవులకు వచ్చినప్పుడు ఇప్పటికీ అడుగుతాడు. మీ పిల్లవాడి చేతిలో ఆఫర్ లెటర్ ఉండి, తేదీ లేకపోతే బీదర్ వైపు వచ్చినప్పుడు వాడితో ఒకసారి మాట్లాడించండి. గంటసేపు సలహాలు చెప్తాడు, పైసా తీసుకోడు. ఆ ఉత్తరాన్ని మాత్రం ముందే లామినేషన్ చేయించకండి.