కందనకాయలో కవరు

ఆదోనిలో పొద్దున్నే ఉగ్గాణి, బజ్జీ తినేది మనమొక్కళ్లమే కాదు. హోటలు ఎదుట గోడమీది కాకి కూడా మనతోపాటే టిఫినుకు వస్తుంది. మొన్న ఒకదాన్ని చూశాను. విసిరేసిన కవరును కాలితో నేలకు అదిమిపెట్టి, ముక్కుతో చీల్చింది. బొరుగేదో, కవరేదో తేల్చుకునే తీరిక లేదు. పక్కనే ఇంకో రెండు కాకులు కాచుకుని ఉన్నాయి. రెండూ కలిపి మింగేసింది. పెళ్లి బంతుల్లో మనం చేసేదీ అదేగా!

కాకికి పళ్లు లేవు. ఏ పిట్టకూ లేవు. నమిలే పనంతా కందనకాయది. గింజలు తినే పిట్టలైతే సన్నటి రాళ్లు కూడా ఏరుకుని మింగుతాయి, లోపల అవే తిరగలి. ఇప్పుడు రోడ్డు పక్కన గులకరాళ్లతో సమానంగా ప్లాస్టిక్ ముక్కలూ దొరుకుతున్నాయి. లోపలికి పోయిన ముక్క నలగదు, అరగదు, చోటు ఖాళీ చెయ్యదు. కడుపు నిండిందని కబురొస్తుంది, ఒంటికి మాత్రం పస్తే. ఎన్నికల హామీలు తిని బతుకుతున్నవాళ్లకు ఈ జబ్బు లక్షణాలు వివరించనక్కర్లేదు.

అలాగని సర్కారు ఊరికే కూర్చోలేదు. 75 మైక్రాన్ల కన్నా పలచని క్యారీబ్యాగులు 2021 సెప్టెంబరు 30 నుంచి కూడదంది. 2022 డిసెంబరు 31 నుంచి ఆ లెక్కను 120కి పెంచింది. మధ్యలో 2022 జులై 1న స్ట్రాలు, చెంచాలు, బెలూను పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు దేశమంతటా నిషేధమంది. కాబట్టి తప్పంతా పిట్టలదే. మింగేముందు మందం కొలుచుకోవద్దూ? 121 మైక్రాన్ల కవరు తిని చచ్చిన కాకిది, చట్టం దృష్టిలో, సహజ మరణం.

ఆవు నయం. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వాళ్లు ఆవుల పొట్టలు కోసి కిలోలకొద్దీ ప్లాస్టిక్ తీశారు, 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆవు పొట్టకు నాలుగు గదులు, కోర్టులో చూపించడానికి సాక్ష్యం బోలెడు. పిట్ట కందనకాయ ఎంత? చేతివేళ్ల మధ్య పట్టేంత. దానికి వకాలత్ ఎవరు వేస్తారు?

పిట్టలన్నీ అమాయకులేమీ కావు. స్పెయిన్‌లోని దోన్యానాలో గద్దలను గమనించిన శాస్త్రవేత్తలు 2011లో ఒక తమాషా బయటపెట్టారు. అక్కడి గద్దలు గూళ్లకు తెల్లటి ప్లాస్టిక్ తెచ్చి అలంకరించుకుంటాయట. మన ఊరి మీద తిరిగే గద్ద జాతే అది. మంచి వయసులో, బలంగా ఉన్నవి ఎక్కువ పెడతాయి. ‘ఇక్కడ నేనున్నా, జాగ్రత్త’ అని చాటడానికి. అంటే ఫ్లెక్సీయే! ఒక్క తేడా ఉంది. శాస్త్రవేత్తలు అదనంగా ప్లాస్టిక్ తెచ్చి గూళ్లలో పెడితే, చాలా గద్దలు దాన్ని తామే పీకి పారేశాయి. తాహతుకు మించిన ఫ్లెక్సీ కట్టుకుంటే ఎవడో ఒకడు మీదికొస్తాడని వాటికి తెలుసు. ఆ పాటి బుద్ధి మన చౌరస్తాల్లో ఎగరడం నేనింకా చూడలేదు.

జనవరిలో ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర. విషాన్ని గొంతులోనే ఆపుకున్న దేవుడు. ఆయన తేరు లాగి, మొక్కులు తీర్చుకుని, గ్లాసులూ కవర్లూ వదిలేసి ఇంటికొస్తాం. మర్నాటికి మైదానం పగిలిన పత్తిచేనులా తెల్లగా మెరుస్తుంది. కొంగలూ గోరింకలూ అక్కడ కోతకు దిగుతాయి. గొంతులో ఆపుకునే విద్య వాటికి రాదు.

పత్తి అంటే గుర్తొచ్చింది. ఆదోని యార్డుకు రోజూ పత్తి బండ్లు వస్తాయి. ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు, ఆయనకు 1954లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. పత్తి ఒక ఊళ్లో, మగ్గం పక్క ఊళ్లో. రెండు ఊళ్లూ కలిసి నాకొక గుడ్డసంచి ఇవ్వలేకపోయాయి. చేనేత దుప్పటి కొంటే అదీ కవర్లోనే పెట్టిచ్చారు.

ఈ కాలమ్ రాయడానికి ముందు టిఫిను కట్టించుకుందామని హోటలుకెళ్లాను.

“సంచి తెచ్చుకున్నావాన్నా?”

“యాడ తెచ్చేదిలే. కవర్లో ఏసియ్యి.”

ఉగ్గాణి ఒక కవర్లో, బజ్జీలు ఇంకో కవర్లో, చట్నీ బుల్లి కవర్లో, దాని మూతికి ఎర్ర రబ్బరు బ్యాండు. ఐరోపాలో చెత్తకుప్పల మీద మేసే తెల్ల కొంగలు రబ్బరు బ్యాండ్లను వానపాములనుకుని మింగుతాయని చదివింది అప్పుడే గుర్తుకొచ్చింది. ఇంటికొచ్చాక దాన్ని జాగ్రత్తగా విప్పి టేబులు మీద పెట్టాను. ఆ తర్వాత ఎక్కడ పోయిందో నాకు తెలీదు. గోడమీద కాకి మాత్రం కనిపించలేదు.