అగస్టాలో పదమూడు కొట్టడం ఎలా?

గోల్ఫ్ నేర్పే పుస్తకాలన్నీ గెలిచినవాళ్ళలాగా ఆడమంటాయి. అది అయ్యే పనా? టైగర్ వుడ్స్ 1997లో అగస్టా నేషనల్ కోర్సులో పన్నెండు స్ట్రోకుల తేడాతో మాస్టర్స్ గెలిచాడు. మనం ఉద్యోగాలు మానేసి జీవితమంతా సాధన చేసినా ఆ దరిదాపులకు పోలేం. కానీ అదే టైగర్ 2020లో అదే కోర్సులో పన్నెండో హోల్ ముగించడానికి పది దెబ్బలు తీసుకున్నాడు. పది! ఇది మనకు అందే అంకె. శ్రద్ధ పెడితే దాటగలిగే అంకె కూడా. మహామహుల సరసన నిలబడాలంటే వాళ్ళ గెలుపుల వెంటపడి లాభం లేదు, వాళ్ళ భంగపాట్లను పట్టుకోవాలి. ఈ సలహాలన్నీ ఆ సిద్ధాంతం మీద నడిచేవే.

ముందు స్థలపురాణం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అగస్టా ఒక ఊరు. బాబీ జోన్స్, ఆలిస్టర్ మెకంజీ కలిసి 1930ల మొదట్లో అక్కడ ఈ కోర్సు వేశారు. అంతకుముందు ఆ నేలలో ఫ్రూట్‌ల్యాండ్ నర్సరీస్ అనే మొక్కల తోట ఉండేది. పద్దెనిమిది హోల్స్‌కీ చెట్ల పేర్లు, పూల పేర్లు ఉన్నది అందుకే. సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య ఆడేవి లింక్స్ కోర్సులైతే, ఇది చెట్లూ పచ్చికా నిండిన పార్క్‌ల్యాండ్ కోర్సు. పొడవు ఏడున్నర వేల గజాల పైమాటే, పార్ 72. అంటే చెయ్యి తిరిగినవాడు డెబ్భై రెండు దెబ్బల్లో ఇంటికి వెళ్ళిపోవాలి. మీరు తొందరపడకండి.

లోపలికి వెళ్ళడం ఎలా అంటారా? అట్లాంటాలో మనవాళ్ళకు కొదవ లేదు, అక్కణ్ణుంచి ఐ-20 మీద తూర్పుకి రెండున్నర గంటల ప్రయాణం. ఈ క్లబ్బులో చేరడానికి అర్జీ పెట్టుకునే పద్ధతి లేదు, వాళ్ళే పిలవాలి. ఆడాలన్నా సభ్యుడెవరైనా అతిథిగా వెంటబెట్టుకు వెళ్ళాలి. కాబట్టి నేరుగా గేటు దగ్గరికి వెళ్ళి మా బావమరిది ఆల్ఫారెటాలో ఉంటాడని చెప్పి చూడండి. పిల్లలకు సెలవులని జూలైలో పెట్టుకుంటే మరీ మంచిది. వేసవిలో క్లబ్బు మూసేస్తారు, ఒక్క బంతి కూడా నీళ్ళపాలు కాదు.

ఎలాగో లోపలికి వెళ్ళారనుకుందాం.

ఒకటో హోల్, టీ ఆలివ్, 445 గజాలు, పార్ 4. ఇక్కడి గ్రీన్లు నూనె పోసిన నాపరాళ్ళు. ఆ వాలు టీవీలో కనపడదు, కాళ్ళకే తెలుస్తుంది. నాలుగు మేజర్లు గెలిచిన ఎర్నీ ఎల్స్ 2016లో మొదటి రోజు మొదటి హోల్‌లోనే, గుంతకు రెండు మూడడుగుల దూరం నుంచి ఆరు పట్లు కొట్టి 9తో బయటపడ్డాడు. అదేమంత దూరం కాదు, పట్టర్ కడ్డీ పొడవంత. ఈ ఘనత సాధించాలంటే చిన్న పట్‌లను ఎప్పుడూ సాధన చేయకూడదు. మొదటిది పక్కనుంచి జారిపోగానే వంగి వాలు చూడటం, ఊపిరి పీల్చుకోవడం లాంటివి పెట్టుకోకండి. బంతి ఇంకా కదులుతుండగానే వెనకాలే పోయి ఒంటిచేత్తో తోసేయండి. కదిలే బంతిని కొడితే పెనాల్టీ కూడా పడుతుంది, లెక్క త్వరగా పెరుగుతుంది.

రెండో హోల్ కిందికి దిగే పార్ 5. 2012లో చివరి రోజు లూయీ ఊస్ట్‌హైజన్ 253 గజాల నుంచి 4-ఐరన్‌తో కొట్టిన బంతి దొర్లుకుంటూ వెళ్ళి గుంతలో పడింది. పార్ 5ని రెండు దెబ్బల్లో ముగించాడు. ఇంతా చేసి సాయంత్రం ప్లేఆఫ్‌లో బుబ్బా వాట్సన్ చేతిలో ఓడిపోయాడు. చూశారా, బాగా ఆడితే ఒరిగేదేం లేదు. మూడోది 350 గజాలు, ఇక్కడి పార్ 4లలో అన్నిటికంటే పొట్టిది. పొట్టిదాన్ని చూస్తే బలం చూపించాలనిపిస్తుంది కదా, చూపించండి, డ్రైవర్ తీయండి. నాలుగో గ్రీన్ పక్కన తాటి జాతి చెట్టొకటి ఒంటరిగా నిలబడి ఉంటుంది. గోదావరి జిల్లాలవాళ్ళకు దాన్ని చూడగానే ప్రాణం లేచివస్తుంది. ఆ చెట్టునే గురి పెట్టండి. ఐదు పొడవు, ఆరు దిగుడు, ఏడు ఇరుకు, ఎనిమిది ఎక్కుడు. ఈ నాలుగింటికీ వేరే సలహాలక్కర్లేదు, ఇప్పటిదాకా చెప్పింది పాటిస్తే అవే చెడిపోతాయి.

తొమ్మిదో హోల్ దగ్గర మాత్రం ఆగాలి. గ్రీన్ ముందు భాగం ఫెయిర్‌వే వైపు బాగా వాలి ఉంటుంది. జెండా ముందుభాగాన ఉన్నరోజు బుద్ధిమంతులు ఒక క్లబ్ ఎక్కువ తీసుకుని జెండా వెనకాల పడేట్టు కొడతారు. 1996లో ఆరు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు ఆట మొదలుపెట్టిన గ్రెగ్ నార్మన్ బంతి ఇక్కడ గ్రీన్ మీద పడి, ఆగినట్టే ఆగి, వెనక్కి దొర్లుకుంటూ కొండ దిగి వచ్చేసింది. ఆ రోజు అతను 78 కొట్టాడు, నిక్ ఫాల్డో 67. మీరూ సరిగ్గా జెండా కాళ్ళ దగ్గర పడేట్టు, వీలైనంత స్పిన్‌తో కొట్టండి. బంతి మీ దగ్గరికే తిరిగివస్తుంది, నడక కలిసివస్తుంది.

పదో హోల్ టీ దగ్గర నిలబడితే లోయలోకి చూస్తున్నట్టుంటుంది. బంతిని కుడి నుంచి ఎడమకు వంచితే వాలు అందుకుని చాలా దూరం పోతుంది. 2011లో నాలుగు స్ట్రోకుల ఆధిక్యంతో చివరి రోజు ఆట మొదలుపెట్టిన రోరీ మెకిల్‌రాయ్ దాన్ని మరీ వంచాడు. అది చెట్టుకు తగిలి, క్లబ్బువాళ్ళ కుటీరాల మధ్య తేలింది. ఆ హోల్‌లో 7, ఆ రోజుకి 80. వినయంతో పని నేర్చుకుని 2025లో ఇక్కడే గెలిచాడనేది తర్వాతి కథ, అది మన పాఠంలోకి రాదు.

ఇక పదకొండు, పన్నెండు, పదమూడు. గోల్ఫ్ రచయిత హెర్బర్ట్ వారెన్ విండ్ 1958లో ఈ మూలకు ఆమెన్ కార్నర్ అని పేరు పెట్టాడు. పదకొండో గ్రీన్‌కి ఎడమ పక్కన చెరువు. బెన్ హోగన్ అంతటివాడు గ్రీన్ వదిలేసి కావాలనే దానికి కుడివైపు కొట్టి, అక్కణ్ణుంచి చిప్ చేసి పార్ తీసుకునేవాడు. ఇంత పిరికితనం మనకొద్దు. పైగా 1987 ప్లేఆఫ్‌లో లారీ మైజ్ ఆ కుడివైపు నుంచే 140 అడుగుల చిప్‌ని గుంతలోకి పంపించి పాపం నార్మన్‌నే ఓడించాడు. కుడికి పోతే గెలిచే ప్రమాదముంది. ఎడమకే వెళ్ళండి.

పన్నెండో హోల్, గోల్డెన్ బెల్, 155 గజాలు, పార్ 3. కోర్సులో అన్నిటికంటే చిన్నది. మన ప్రణాళికకు గుండెకాయ ఇదే, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. గ్రీన్ ముందు రేస్ క్రీక్ వాగు పారుతుంది. గ్రీన్ అడ్డంగా పొడుగు, ముందుకూ వెనక్కూ వెడల్పు బాగా తక్కువ. పైగా అది ఏటవాలుగా పడుకుని ఉంటుంది. కుడివైపుకి పోయేకొద్దీ దూరం పెరుగుతుంది. కుడిచేతివాటం ఆటగాడి బంతి కుడికి తప్పినప్పుడల్లా దూరం కూడా తగ్గుతుంది కాబట్టి, సరిగ్గా దూరం కావలసినచోటే అది వాగులో పడుతుంది. ఒడ్డున గడ్డి గుండు గీసినట్టుంటుంది, బంతి నిలవదు. 1992లో ఫ్రెడ్ కపుల్స్ బంతి ఆ వాలు మీద ఎందుకో ఆగిపోయింది, అతను మాస్టర్స్ గెలిచాడు. అలాంటి దురదృష్టం అందరికీ పట్టదు లెండి.

గాలి సంగతి మరీ విచిత్రం. పక్కనే ఉన్న పదకొండో జెండా ఒకవైపు ఎగురుతుంటే పన్నెండోది ఇంకోవైపు ఎగురుతుంటుంది. ఆరితేరినవాళ్ళు రెంటినీ చూస్తూ క్యాడీతో గుసగుసలాడుతూ ఎదురుచూస్తారు. మీరు మీకు నచ్చిన జెండాను నమ్మండి.

చివరి రోజు జెండా కుడివైపు మూలన పెడతారు. 2019లో మోలినారీ, కెప్కా, ఫినౌ, పోల్టర్, నలుగురూ ఆ మూలకే పోయి బంతులు వాగుకు సమర్పించారు. టైగర్ మాత్రం జెండాను చూడనట్టే నటించి, ముందున్న బంకర్ మీదుగా గ్రీన్ మధ్యలోకి కొట్టి, రెండు పట్లతో పార్ తీసుకుని, ఆ సాయంత్రం విజేతకిచ్చే ఆకుపచ్చ కోటు తొడుక్కున్నాడు. చూడ్డానికి ఎంత నీరసం! 1980లో టామ్ వైస్కాఫ్‌ది అసలైన పద్ధతి. ఐదు బంతులు వాగులోకి పంపించి 13 రాబట్టాడు. జోర్డన్ స్పీత్ 2016లో ఒకటి నీళ్ళలో వేశాక, డ్రాప్ చేసిన చోట వెడ్జ్‌తో నేలను తవ్వి రెండోదీ వేశాడు. మొత్తం 7. ఆధిక్యం చేజారింది, డానీ విలెట్ గెలిచాడు. ఇందులోంచి నేర్చుకోవలసింది రెండో బంతి దగ్గరి తొందర. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలంటారు. కడగడానికి వాగే పక్కనుంటే తొక్కడానికేం?

పదమూడు అజేలియా, ఎడమకు తిరిగే పార్ 5. 1978లో టామీ నకజిమా ఇక్కడా 13 సాధించాడు. వాగులోంచి కొట్టిన బంతి తన కాలికే తగిలి రెండు పెనాల్టీ స్ట్రోకులు అదనంగా వచ్చాయి. ఆయన్ని అనుకరించడం కష్టం గానీ, ఫిల్ మికెల్సన్ తేలిక. 2010లో ఎండిన పైన్ ఆకుల మీద, రెండు చెట్ల సందులోంచి 6-ఐరన్‌తో గ్రీన్ మీదికి కొట్టి, చివరికి గెలిచాడు కూడా. ఆ సందు మీ బంతికంటే వెడల్పుగానే ఉంటుంది. ఇంకేం సందేహం?

పద్నాలుగులో బంకర్ ఒక్కటీ లేదు. మన పనిముట్లే లాగేసుకున్నట్టుంటుంది, గబగబా దాటేయండి.

పదిహేను పార్ 5, గ్రీన్ ముందు చెరువు. 1935లో జీన్ సారజెన్ 235 గజాల నుంచి 4-వుడ్‌తో రెండో దెబ్బనే గుంతలో వేసి, మర్నాడు ప్లేఆఫ్‌లో గెలిచాడు. దీన్ని అందరూ చెబుతారు. సెర్జియో గార్సియా 2018లో చేసింది మనకు దగ్గరి దారి. అప్పటికతను డిఫెండింగ్ ఛాంపియన్. రెండో దెబ్బ చెరువులో పడింది. తర్వాత వెడ్జ్‌తో కొట్టిన నాలుగూ గ్రీన్‌ను తాకి, వెనక్కి జారి అదే చెరువులోకి. మళ్ళీ 13. ఇందులో కిటుకు ఒక్కటే, ఏదీ మార్చకూడదు. గురి, దూరం, పట్టుదల, అన్నీ అలాగే ఉంచి బంతి మాత్రం కొత్తది తీయాలి. సంచీలో అరడజను ఎక్కువే పెట్టుకోండి.

పదహారో హోల్‌లో, హైదరాబాదు మూలాలున్న మన సాహిత్ తీగల 2023లో తన మొదటి మాస్టర్స్ చివరి రోజున, గ్రీన్ ఎడమ పక్కనుంచి చిప్ చేస్తే, బంతి వాలు ఎక్కి, మలుపు తిరిగి, కిందికి జారి గుంతలో పడింది. 2005లో టైగర్ అక్కణ్ణుంచే కొట్టినదాన్ని అందరికీ గుర్తుచేసింది. సాహిత్ తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. మన తెలుగువాడు చేశాడు కాబట్టి మనమూ చేయగలమన్నది తిరుగులేని తర్కం. టీ నుంచి గ్రీన్ మీదికి కొట్టే ఆలోచన మానుకుని, కావాలని ఎడమకు తప్పించండి. అక్కడ చెరువుంది నిజమే. దానికీ ఉపాయముంది. ప్రాక్టీసు రోజుల్లో ఆటగాళ్ళు జనం కేకలమధ్య బంతిని ఆ నీళ్ళమీద కప్పగంతులు వేయిస్తారు. విజయ్ సింగ్ 2009లో అలా కొట్టి ఏకంగా గుంతలోనే వేశాడు. అసలు పోటీలో ఎవరూ ఆ పని చేయకపోవడానికి కారణం వాళ్ళకు ధైర్యం చాలకే అయ్యుంటుంది.

పదిహేడో హోల్‌లో ఐజెన్‌హోవర్ చెట్టు ఉండేది. అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ బంతులు దానికి తగులుతూనే ఉండేవట. 1956లో క్లబ్బు సమావేశంలో దాన్ని కొట్టేయమని ఆయన లేస్తే, ఛైర్మన్ క్లిఫర్డ్ రాబర్ట్స్ సభ చాలించేశాడు. దేశాధ్యక్షుడి మాట చెల్లలేదు గానీ 2014లో మంచు తుఫాను మాట చెల్లింది. మీకు అడ్డొచ్చే చెట్టు ఏదైనా సరే క్లబ్బుకు ఉత్తరం రాసి, అది పడేదాకా ఆట ఆపండి.

పద్దెనిమిదిలో ఆర్నాల్డ్ పామర్‌ని ఆదర్శంగా తీసుకోండి. 1961లో ఫెయిర్‌వే మధ్యలో బంతి, ఒక స్ట్రోక్ ఆధిక్యం. తాడు దగ్గర ఒక మిత్రుడు అభినందిస్తే వెళ్ళి చెయ్యి కలిపాడు. తర్వాత బంకర్, బంకర్‌లోంచి గ్రీన్ దాటి అవతలికి, చివరికి 6. గ్యారీ ప్లేయర్ గెలిచాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. అందుకని ఫోటోలూ శాలువాలూ పద్దెనిమిదో టీ దగ్గరే కానిచ్చేయండి. అప్పటికి పరిస్థితి ఇంకా ఆశాజనకంగానే ఉంటుంది.

చివరగా స్కోరుకార్డు. 1968లో రొబెర్టో డి విసెంజో పదిహేడులో 3 కొడితే, కార్డు రాసే టామీ ఆరన్ 4 అని వేశాడు. ఆయన చూసుకోకుండా సంతకం పెట్టేశాడు. ఎక్కువ అంకె మీద సంతకం చేస్తే ఎక్కువే ఖాయమని నియమం. బాబ్ గోల్బీతో ప్లేఆఫ్ ఆడాల్సిన మనిషి ఒక స్ట్రోక్ తేడాతో ఓడిపోయాడు. అదీ తన పుట్టినరోజున. మీరూ అంకెలు కూడకుండా సంతకం చేయండి. అయితే ఒక్క జాగ్రత్త: ఎక్కువ వేసి ఉంటే పోయేది ఒక స్ట్రోకే. తక్కువ వేసి ఉంటే పోటీలోంచే తీసేస్తారు, మీరు ఎంత కొట్టారో ఎక్కడా నమోదవదు. మన స్కోర్లకు రెండోదే శ్రేయస్కరం.