శాలువాల సమ్మేళనము

సంక్రాంతి సెలవులు వచ్చినవనగానే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలయందు పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనములకు తెర లేచును. 1984-85 పదవ తరగతివారు నాలుగు దశాబ్దములకు పిమ్మట, నెరసిన కేశములకు రంగు పులుముకొని, అందరును ఒకే రంగు చొక్కాలు తొడిగికొని, ఒకరినొకరు పోల్చుకొనలేక ఫ్లెక్సీలోని పేర్లను ఆశ్రయించుట కన్నులపండువైన దృశ్యము. ఆనాడు ఎక్కము తప్పినందులకు గోడకుర్చీ వేయించిన లెక్కల మాస్టారిని ఈనాడు మిట్టమధ్యాహ్నము వేదికపై కూర్చుండబెట్టి, శాలువామీద శాలువా కప్పి, ఆయన చెమటలు గ్రక్కుచుండగా, "మీ బెత్తమే మమ్ము మనుష్యులను జేసినది" అని వక్తలెల్ల గద్గదకంఠముతో స్తుతింతురు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దండనను నిషేధించినదన్న మాట అటుండనిండు. ఈ బెత్తభక్తులు తమ పిల్లల నొక్కరినైనను ఆ బడికి పంపినవారు కారు.

పరిచయములందు పేరుకంటె ముందు హోదా, హోదాకంటె ముందు అమెరికాలోని కుమారుడు! పదవ తరగతి తప్పి ఊరనే నిలిచిపోయిన సహాధ్యాయికి సైతము పిలుపు అందినదనుట వీరి ఔదార్యమునకు నిదర్శనము. షామియానా అతనిదే గదా. బాడుగ మాత్రము ఇంకను ముట్టలేదు.