సొట్ట సూత్రములు: టీకా తాత్పర్య సహితము

మూలము

ముందు బంపరు – మార్పు. బ్రాకెట్లు రెండు – మార్పు. క్లిప్పులు – తగినన్ని. కుడి ఫెండరు – టింకరింగు, రంగు. ఊడదీత, బిగింపు – లేబరు. ఇతర సామగ్రి – ఉన్నది. విప్పిన పిమ్మట మరికొన్ని తేలవచ్చును.

అవతారిక

కారు సర్వీసు కేంద్రములలో వాహన యజమాని చేతికి ఇచ్చు ఖర్చుల అంచనా పత్రమును లోకమున ఎస్టిమేటు అందురు. అల్పాక్షరములతో అనల్పమైన మొత్తమును సూచించుట దీని లక్షణము గనుక దీనిని సూత్ర వాఙ్మయమున చేర్చుట యుక్తము. సూత్రములకు వలెనే దీనికిని వ్యాఖ్యానము లేనిదే అర్థము బోధపడదు, బోధపడిన పిమ్మట మనశ్శాంతి ఉండదు. పై ఏడు సూత్రములకు సందర్భము సర్వసాధారణమైనది. అపార్టుమెంటు సెల్లారులో రెండు స్తంభముల నడుమ మలుపు తిరుగుచు, మనిషి నడకకన్న తక్కువ వేగముననే, కారు తన కుడి మూలను స్తంభమునకు రాచుకొన్నది. బంపరు మీద జానెడు గీత పడినది, దాని వెనుకనే ఉన్న ఫెండరునకు, అనగా ముందు చక్రమును కప్పు రేకునకు, చిన్న సొట్ట పడినది. ఇంజినుకు గాని చక్రమునకు గాని ఏ లోపమును లేదు. వక్త సర్వీసు అడ్వైజరు, శ్రోత యజమాని, రసము కరుణము. బండి నడిపినవారు ఒకరు, డబ్బు కట్టువారు మరొకరు అయినచో రౌద్రము గూడ సంభవించును.

టీక

ముందు బంపరు – మార్పు. బంపరు అనగా తాకిడిని తాను భరించి బండిని కాపాడు అంగమని ప్రాచీనుల మతము. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని తిరిగిన కాలమున ఇది క్రోమియము పూసిన ఉక్కు బద్దె. వంగినచో మేస్త్రి దానిని విప్పి, సుత్తితో చక్కజేసి, బోల్టులు బిగించి ఇచ్చెడివాడు. నవీనుల బంపరు అట్టిది కాదు. కంటికి కనబడునది పాలీప్రొపిలీను జాతి ప్లాస్టికుతో పోసి, బండి రంగే పూసిన పలుచని తొడుగు. తాకిడికి ఓర్చు ఉక్కు దూలము దాని చాటున ఉండును, చాల కార్లలో ఆ రెంటి నడుమ నురుగు దిమ్మె ఒకటి ఉండును. తొడుగు మెత్తగా ఉండుటకు న్యాయమైన కారణము కలదు: దారినపోవు మనిషి కాలికి బండి తగిలినప్పుడు ఎముక విరుగుటకన్న ప్లాస్టికు పగులుట మేలు, ఈ మేలును కాదనువాడు లేడు. అయితే ఫాగ్ లైట్లు, పార్కింగు సెన్సార్లు, కొన్ని కార్లలో రాడారు గూడ ఈ ముందు భాగముననే అమర్చుటచే, బండిని కాపాడవలసిన అంగమునే అందరికన్న ముందు కాపాడుకొనవలసిన గతి పట్టినది. అమెరికా ప్రభుత్వము 1973 నమూనా కార్లు గంటకు ఐదు మైళ్ల వేగమున గోడకు తగిలినను ముందు దీపముల వంటి భద్రతా భాగములు చెడరాదని శాసించి, తీరా 1982లో ఆ వేగమును సగమునకు తగ్గించుకొన్నది. బంపరు బలిసినచో బండి బరువు, ధర పెరుగునన్న వాదమే గెలిచినదన్నమాట.

ఇక మార్పు. జానెడు గీతకు బంపరు మార్పు ఏల అని శంక. గీత మాత్రమే అయినచో మార్పు అక్కరలేదు, రంగు చాలును. కాని తొడుగును బండికి పట్టియుంచు గోరంత ప్లాస్టికు చెవులు అంచున ఉండును, వానిలో ఒకటి విరిగినను బంపరు ఒక వైపు జారి, ఫెండరునకును దానికిని నడుమ వేలు దూరు సందు ఏర్పడును. చెవిని అతికించరాదా? అతికించవచ్చును. సన్నని తీగముక్కలను కాల్చి ప్లాస్టికులోనికి దింపి కుట్లు వేయు పనిముట్టు విజయవాడ ఆటోనగరులోనే గాక చిన్న ఊళ్ల షెడ్లలో సైతము దొరకుచున్నది. అయినను షోరూము అతికించదు. చెవిని కంపెనీ సాధారణముగా విడిగా అమ్మదు, చెవి మొదలు చెవి వరకు బంపరంతయు ఒకే నంబరు గల ఒకే సరుకు. హెడ్‌లైటు విషయమునను ఇదే న్యాయము: లోపలి దీపము వెలుగుచున్నను, అద్దము చెక్కుచెదరకున్నను, వెనుకనున్న ఒక్క చెవి విరిగినచో చాల కార్లలో దీపమంతయు మార్చుదురు. పోనీ ఆ సరుకునే బయట కొని తెచ్చుకొందమన్నచో అన్ని భాగములును రాణిగంజు దుకాణములలో దొరకవు. విడిభాగములను, మరమ్మతు సమాచారమును బయటి మెకానిక్కులకు స్వేచ్ఛగా అందనీయకున్నారని భారత పోటీ కమిషను 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. కంపెనీలు పై మెట్టునకు ఎక్కినవి. యజమాని నేటికిని అడ్వైజరు ఎదుటి కుర్చీలోనే ఉన్నాడు.

బ్రాకెట్లు రెండు – మార్పు. బంపరు చాటున దానిని పట్టియుంచు ప్లాస్టికు ఊతలకు బ్రాకెట్లని పేరు. వీనికిని చెవుల న్యాయమే.

క్లిప్పులు – తగినన్ని. బంపరును బండికి గ్రుచ్చు ప్లాస్టికు మేకులకు క్లిప్పులని పేరు. ఊడదీయునప్పుడు సగము విరుగును, విరుగనివి మరల గట్టిగా పట్టవు. తగినన్ని అనునది ఇచ్చట సంఖ్యావాచకము కాదు, విశ్వాసవాచకము.

కుడి ఫెండరు – టింకరింగు, రంగు. ఖర్చునకు ప్రాణము ఈ సూత్రముననే ఉన్నది గనుక వ్యాఖ్యాత ఇచ్చట తీరికగా నిలువవలెను. సొట్ట తీయు విద్యకు తెలుగు నాట టింకరింగు అని వ్యవహారము. ఫెండరు రేకు మందము మిల్లీమీటరులో ఏడు పదవ వంతుల ప్రాంతమున ఉండును. సొట్ట పడినచోట అది వంగుటయే గాక సాగును, సాగిన రేకు ఎంత ఒత్తినను తన పూర్వపు కొలతకు రాదు. అందుచే మేస్త్రి లోపలి ప్లాస్టికు కవచమును విప్పి, వెనుకనుండి కొంత ఎత్తి, ముందునుండి కొంత లాగి, మిగిలిన పల్లమును పుట్టీతో పూడ్చి, ముదుక సాండుపేపరుతో మొదలుపెట్టి సన్నని పేపరు వరకు నీళ్లు చల్లుచు రుద్దును. ఈ దశలో అతడు కండ్లను నమ్మడు. ముఖమును పక్కకు త్రిప్పుకొని, తడి అరచేతిని పరచి రేకు పొడవునా మెల్లగా జార్చును. చేయి ఆగినచోట సున్నపు ముక్కతో గుర్తు పెట్టి మరల రుద్దును. వెంట్రుకవాసి ఎత్తుపల్లములను కన్ను కనిపెట్టలేదు, చేయి కనిపెట్టును. కనిపెట్టక వదలినచో రంగు ఆరి మెరుపు వచ్చిన పిమ్మట ట్యూబులైటు నీడ ఆ చోట వంకర తిరిగి లోకమునకంతటికి చాటి చెప్పును. ఎస్టిమేటులో అతి తక్కువ వెలకట్టబడిన పని ఇదియే అనుట వ్యాఖ్యాత అభిప్రాయము.

రంగు అనగా ఒక పూత కాదు. ఫ్యాక్టరీలో రేకు మీద తుప్పు పట్టకుండ విద్యుత్తుతో పట్టించు పొర, దానిపై ప్రైమరు, దానిపై అసలు రంగు, అన్నిటికి పైన గాజువలె మెరయు లక్క – ఈ నాలుగును కలిపినను మందము మిల్లీమీటరులో పదవ వంతునకు కొంచెము అటునిటు. వానిని అచ్చట నూటనలుబది డిగ్రీల ప్రాంతమున కాల్చుదురు, అప్పటికి బండిలో సీటు గాని వైరు గాని రబ్బరు గాని ఉండదు. షోరూమునకు వచ్చునది సమస్త పరికరములతో నిండిన కారు. దానిని అంత వేడిలో పెట్టరాదు గనుక, అరువది డిగ్రీలకే ఆరునట్టి వేరు రంగును, దానిని గట్టిపరచు రసాయనమును కలిపి, దుమ్ము చొరని గదిలో కొట్టవలెను. పైపొర లక్కను రేకు నడుమ ఆపినచో ఆపిన గీత తెలియును, అందుచే అంగుళము సొట్టకైనను ప్యానెలంతయు, అనగా అంచునుండి అంచువరకు గల ఆ రేకు ముక్క మొత్తము, పూయక తప్పదు.

అంతటితో తీరినచో బాగుండెడిది. బండి రంగు కోడు తలుపు చట్రముననో బోనెట్ క్రిందనో వ్రాసియుండును. ఆ కోడు ప్రకారము కలిపిన రంగు కొత్త బండి రంగు, ఎదుటనున్న బండియో రెంటచింతల ఎండలో మూడు వేసవులు కాగినది. వెండి వన్నె, ముత్యపు వన్నె రంగులలో మెరుపు రజను ఏ వాలున పడినదో దానిని బట్టి ఛాయ మారును. ఆ తేడా కంటికి ఆనకుండ ఫెండరు రంగును పక్క తలుపు మీదికి క్రమముగా పలుచనచేసి కలుపుదురు, అప్పుడు తలుపునకు గూడ లక్క పూయవలెను. సొట్ట ఫెండరున, రంగు తలుపున: కారణమొకచోట, కార్యము వేరొకచోట ఉండుటచే ఇది అసంగత్యలంకారము. ఆలంకారికులు దీనిని వర్ణనకు మెచ్చుకొందురు, యజమాని బిల్లులో చూచి మెచ్చుకొనడు.

ఊడదీత, బిగింపు, ఇతర సామగ్రి స్పష్టములు. ఇతర సామగ్రి యనగా సాండుపేపరు, థిన్నరు, అంటించు టేపు. వీనిపైనను, విడిభాగములపైనను పన్ను కలదు. 2025 సెప్టెంబరు 22కు పూర్వము చాల విడిభాగములపై జీఎస్టీ 28 శాతము, ఆ తేదీనుండి 18 శాతము.

విప్పిన పిమ్మట మరికొన్ని తేలవచ్చును. ఇది భవిష్యత్తును తెలుపు సూత్రము. దీనిని కేవలము కపటమని త్రోసిపుచ్చరాదు, బంపరు చాటున వంగిన బ్రాకెట్టు బంపరు ఉండగా కనబడదు. కాని ఈ సూత్రము ఉన్న పత్రమున పై ఆరింటి మొత్తము ఎప్పుడును తుది మొత్తము కాదు.

తాత్పర్యము

యజమాని చెల్లించునది సొట్ట తీసినందుకు కాదు; సొట్ట ఎన్నడును పడలేదని చూచువారు నమ్మునట్లు చేసినందుకు. మొదటిది చవుక, రెండవది ప్రియము.

విశేషములు

బీమా ఉండగా చింత ఏల అని పూర్వపక్షము. బీమా పాలసీ రబ్బరు, నైలాను, ప్లాస్టికు భాగముల ధరలో సగమును తరుగుదల పేరిట కోయును, బండి నిన్ననే కొన్నను ఈ సగము తప్పదు. రంగు బిల్లులో సామగ్రి ధరకు సగము కోత. సామగ్రి ఎంతో విడిగా చూపనిచో మొత్తము రంగు బిల్లులో పాతిక శాతమును సామగ్రిగా లెక్కింతురు. ఇవి పోగా 1500 సీసీ వరకు గల సొంత కారుకు ప్రతి క్లెయిములోను మొదటి 1,000 రూపాయలు యజమానివే. ఉదాహరణకు బంపరు, బ్రాకెట్లు 6,000, రంగు 6,000, లేబరు 2,000, వెరసి 14,000 అనుకొందము. ప్లాస్టికున 3,000, రంగున 750, తప్పనిసరి కోత 1,000 పోగా బీమా కంపెనీ ఇచ్చునది 9,250.

ఇప్పుడు సిద్ధాంతము. క్లెయిము లేని యజమానికి సొంత నష్టపు ప్రీమియములో 20, 25, 35, 45, 50 శాతముల చొప్పున ఏటేట పెరుగు తగ్గింపు కలదు, దానిని నో క్లెయిం బోనసు అందురు. ఒక్క క్లెయిముతో అది సున్నకు దిగి, మరల మొదటి మెట్టునుండి ఎక్కవలెను. ఏడాదికి 8,000 ప్రీమియముపై 50 శాతము అనుభవించుచున్నవాడు వచ్చు ఐదేండ్లలో వరుసగా 4,000, 2,400, 2,000, 1,200, 400, వెరసి 10,000 రూపాయలు పోగొట్టుకొనును. బండి విలువ ఏటేట తగ్గుటచే ప్రీమియము తగ్గి ఈ మొత్తము కొంత దిగవచ్చును గాని, 9,250 పుచ్చుకొని 10,000 పోగొట్టుకొనుటను లాభమని చెప్పు లెక్కల శాస్త్రము ఇంకను పుట్టలేదు.

దీనికి పాఠాంతరము కలదు: తరుగుదల అను పదము లేని పాలసీ. లోకమున జీరో డెప్ అనియు, బంపర్ టు బంపర్ అనియు ప్రసిద్ధము. ఆ పాఠము అదనపు ప్రీమియము కట్టినవారికే లభించును, అది చదివినను బోనసు పోవుట మానదు. బోనసును కాపాడు పాఠము మరొకటి, దానికి మరొక ప్రీమియము.

షెడ్డు సంప్రదాయమువారు మొదటి సూత్రమును వేరుగా చదువుదురు: ముందు బంపరు – బాగుచేత. వారి ఖర్చు చాల తక్కువ. రంగు రెండు వానకాలములకు పొంగకుండ నిలుచునా అనునది మేస్త్రి చేతి మీదను, అతడు వాడు లక్క మీదను ఆధారపడును. సెన్సార్లు, రాడారు లేని పాత బండికి ఈ సంప్రదాయమే శ్రేష్ఠము. రాడారు గల బండికి బంపరు విప్పి బిగించిన పిమ్మట దాని చూపును యంత్రముతో సరిచూడవలసి రావచ్చును గనుక అట్టిదానికి షోరూము పాఠమే గ్రాహ్యము.

ఎస్టిమేటుపై సంతకము చేయుటకు ముందు చదువరులు మార్పు అని ఉన్న ప్రతి సూత్రమునకు ఎదురుగా బాగుచేతకు ఎంతో వ్రాయించుకొనవలెను. రంగులో సామగ్రి ఎంతో, కూలి ఎంతో విడదీయించి, పాతిక శాతపు లెక్కతో పోల్చి చూచుకొనవలెను. ఊడదీసిన పాత బంపరును చూపుమని అడుగవలెను. విరిగిన చెవి ఏదో కంటితో చూచిన పిమ్మటనే కొత్త బంపరునకు ఒప్పుకొనుడు.