కోడిపిల్లలిచ్చి కొండ కొన్న కథ

ఏడాది పొడవునా వానలు కురిసే ఉష్ణమండలంలో పెరిగే దట్టమైన సతతహరిత అడవులు, అనగా వర్షారణ్యాలు, నశించిపోవడానికి కారణం వాటి అంచున బతికే పేదలకు చదువు లేకపోవడం, చేతికి వేరే పని లేకపోవడమేనన్న సిద్ధాంతం పరిరక్షణ రంగంలో నాలుగు దశాబ్దాలుగా చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. సిద్ధాంతం సులభమైనది గనుక చికిత్స కూడా సులభమే: అజ్ఞానానికి ఒక అవగాహన సదస్సు, ఆకలికి ఒక తేనెటీగల పెట్టె. ఈ రెంటినీ ఒకే నిధుల దరఖాస్తులో ఇమిడ్చే కళ ఎంతగా వృద్ధి చెందిందంటే, అడవి ఎంత మిగిలిందన్న ప్రశ్న కంటే సదస్సుకు ఎందరు హాజరయ్యారన్న ప్రశ్నే నివేదికలలో ముందు వరుసలో కూర్చుంటుంది. హాజరుపట్టీలోని వేలిముద్రలను లెక్కపెట్టడం అడవిలోని చెట్లను లెక్కపెట్టడం కంటే తేలిక కదా.

ఈ కళకు శాస్త్రీయ నామం ‘సమీకృత పరిరక్షణ-అభివృద్ధి ప్రాజెక్టు’. అడవిని ఆనుకుని ఉన్న గ్రామాలలో ఆదాయం పెరిగితే గ్రామస్థులు అడవి జోలికి పోరన్నది దాని మూలసూత్రం. పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 1985లో ఈ బాటలో ఒక కార్యక్రమాన్ని ఆరంభించగా, ఏడేళ్లకే, 1992లో, ప్రపంచ బ్యాంకు ప్రచురించిన ఒక గ్రంథంలో మైకేల్ వెల్స్, కత్రీనా బ్రాండన్ అనే పరిశోధకులు 14 దేశాలలోని 23 ప్రాజెక్టులను పరిశీలించి, కల్పించిన ఉపాధికీ అడవి దక్కడానికీ నడుమ ఉండవలసిన లంకె చాలాచోట్ల కనిపించడం లేదని తేల్చారు. ఇతర శాస్త్రాలలోనైతే ఇటువంటి ఫలితం వెలువడినప్పుడు సిద్ధాంతాన్ని సవరించుకుంటారు. ఇక్కడ పేరును సవరించుకున్నారు. ‘ప్రత్యామ్నాయ జీవనోపాధి’ అన్న కొత్త పేరుతో పాత కోళ్ల గంపే ఖండాలు దాటి తిరిగింది. 2015లో డిలిస్ రో బృందం ఇటువంటి ప్రాజెక్టులపై వెలువడిన రచనలన్నిటినీ జల్లెడ పట్టగా 106 ప్రాజెక్టుల వివరాలు దొరికాయి. వాటిలో ఫలితాన్ని మదింపు చేసుకున్నవి 21 మాత్రమే. మిగిలిన 85 ప్రాజెక్టులు కొలతకే నిలబడనందువల్ల, తాము విఫలం కాలేదని చెప్పుకునే హక్కు వాటికి శాశ్వతంగా సంక్రమించింది.

ఈ విద్య పరిపక్వ దశను చూడగోరేవారు మడగాస్కర్ తూర్పు భాగానికి వెళ్లాలి. హిందూ మహాసముద్రం మీది నుంచి వచ్చే తేమగాలులు కొండలకు తాకి కురిసే ఆ పట్టీలో వర్షారణ్యం ఉంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించని లెమూర్లు, అనగా కోతులకు దూరపు బంధువులైన జంతువులు, అందులో ఉన్నాయి. వాటితో పాటు, జంతువుల జాబితాలో చేరకపోవడమే దురదృష్టమైన రైతులూ ఉన్నారు. వాలు మీది అడవిని నరికి, ఎండబెట్టి, కాల్చి, బూడిద బలంతో కొండవరి పండించి, సత్తువ తగ్గాక ఆ నేలను కొన్నేళ్లు బీడుగా వదిలే వారి సాగుపద్ధతిని అక్కడ ‘తవీ’ అంటారు. మన్యంలో పోడు అనేది దాదాపు ఇదే. ఫ్రెంచి వలస ప్రభుత్వం దీనిని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా నిషేధం స్వతంత్రంగా కొనసాగింది. 2003లో డర్బన్‌లో జరిగిన ప్రపంచ పార్కుల మహాసభలో నాటి అధ్యక్షుడు మార్క్ రవలోమనన తమ దేశంలోని రక్షిత ప్రాంతాలను 17 లక్షల హెక్టార్ల నుంచి 60 లక్షల హెక్టార్లకు పెంచుతామని ప్రకటించగా సభ హర్షించింది. ఆ హెక్టార్లలో అప్పటికే నాగరికుల దృష్టికి రాకుండా వరి పండిస్తున్నవారు సభకు రాలేదు గనుక వారి హర్షం నమోదు కాలేదు.

అలా రక్షణ పొందిన వాటిలో అంకెనిహేని-జహమేన కారిడార్ ఒకటి. మూడున్నర లక్షల హెక్టార్లకు పైబడిన ఈ అడవిని కార్బన్ పథకానికి కూడా నమూనాగా ఎంచుకున్నారు. అంటే, చెట్లు నరకకుండా ఆపినందువల్ల గాలిలో కలవకుండా మిగిలిన కార్బన్‌ను లెక్కగట్టి దూరదేశాల కొనుగోలుదారులకు అమ్మే పద్ధతిని అక్కడ ప్రయోగానికి పెట్టారు. రక్షిత ప్రాంతం వల్ల జీవనాధారం కోల్పోయేవారికి పరిహారం ఇవ్వాలని ప్రపంచ బ్యాంకు నియమం ఒకటి నిర్బంధిస్తుంది. నియమాన్ని పాటించారు కూడా: మెరుగైన సేద్యం, కోళ్లు, తేనెటీగలు వంటి చిన్న ప్రాజెక్టుల రూపంలో, ఒకే ఒక్కసారి. తరతరాలుగా పంటకు, బీడుకు మార్చి మార్చి వాడుకునే భూమి మీది ఆశను ఒక కుటుంబం ఎన్ని కోడిపిల్లలకు వదులుకోవచ్చునో నిర్ణయించగల గణితం ప్రపంచంలో మరెక్కడా లేకపోవచ్చు.

ఆ గణితాన్ని 2018లో మహేశ్ పౌడ్యాల్ బృందం సరిచూసింది. రాబోయే ఏళ్లలో కోల్పోయే రాబడినంతా నేటి విలువలోకి మార్చి లెక్కిస్తే, వారు పరిశీలించిన ప్రాంతాలలో నడిమి స్థాయి కుటుంబం మీద పడిన భారం 2,375 డాలర్లని తేలింది. దానినే ఏటేటా పంచి చూస్తే, ఊరిని బట్టి, మధ్యస్థ ఆదాయం గల కుటుంబపు వార్షికాదాయంలో 27 నుంచి 84 శాతం. మరింత పేదలకు నిష్పత్తిలో మరింత ఎక్కువ. అర్హులైన కుటుంబాలలో సగానికి పైగా, అనగా తక్కువలో తక్కువగా వేసిన అంచనా ప్రకారమే 3,020 కుటుంబాలకు, ఏ పరిహారమూ అందలేదు. అందినవారిలో కూడా పూర్తిగా అందినవారు ఎవరూ లేరు. అంతకు రెండేళ్ల ముందు అదే బృందం పరిహారానికి ఎంపికైనవారెవరో పరిశీలించి, అటవీ కమిటీలలో పెత్తనం ఉన్నవారు, తేలికగా చేరుకోగలిగిన చోట ఇళ్లున్నవారు, తిండికి అంతగా కొరత లేనివారు ఎంపికయ్యే అవకాశం ఎక్కువని గుర్తించింది. నిజానికి అడవి లోపల, దారి లేని చోట, తవీ తప్ప గతిలేని కుటుంబాన్ని వెతికి పట్టుకోవాలంటే సర్వే చేసేవారు బురదలో నడవాలి. బురదలో నడిచే ఖర్చు బడ్జెట్‌లో ఉండకపోవచ్చు. ధరిత్రి ఊపిరి పీల్చుకోవడానికి అయ్యే ఖర్చును దేశంలోకెల్లా పేదవాడి కంచంలోంచి తీసి, దానికి ప్రపంచ ప్రజల కానుక అని పేరు పెట్టడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లే ఉంది.

ఇక విద్య సంగతి. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో, ఏ తీగ వేరు జ్వరానికి పనికివస్తుందో పుట్టుకతో ఎరిగిన మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, అడవి వల్ల వానలు కురుస్తాయని రంగుల పటంలో చూపించడం సదస్సుల ముఖ్యకార్యం. అడవి విలువ ఆ రైతుకు తెలియక కాదు; రేపటి వరి ఎక్కడి నుంచి రావాలన్నది సదస్సుకు తెలియకపోవడమే చిక్కు. 2009లో మడగాస్కర్‌లో ప్రభుత్వం కూలిన తరువాత మసొవాల, మరొజెజి జాతీయోద్యానాలలోకి ముఠాలు చొరబడి రోజ్‌వుడ్ మానులను నరికి ఓడలకెక్కించగా, 2010లో యునెస్కో ఆ అడవులను ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చింది. ఆ కలపను ఓడలలో పంపిన వర్తకులను అలా బల్ల మీద కూర్చోబెట్టి చెట్ల ప్రయోజనాలు వివరించిన దాఖలా లేదు. వారి అవగాహనలో లోపం లేదని కాబోలు ఊహ. రోజ్‌వుడ్ ధర ఎంతో వారికి చక్కగా తెలుసు.

సిద్ధాంతం నిజమైనదే అయితే దానిని పేదలకు మాత్రమే కేటాయించడం అన్యాయం. పరిరక్షణ సంస్థలలో పనిచేసే సలహాదారుల వేతనాలను నిలిపివేసి, ఒక్కొక్కరికి ఆరు కోళ్లు, రెండు రోజుల వానపాముల ఎరువు శిక్షణ, పూర్తయినట్లు ఒక ధ్రువపత్రం ఇచ్చినట్లయితే, వారి విమాన ప్రయాణాలు తగ్గి కార్బన్ కూడా ఆదా అవుతుంది. దీనిని ఏ సంస్థా ఇంతవరకు పరిశీలనకు స్వీకరించలేదు. కార్బన్ కొనుగోలు చేసే దేశాల పౌరులకు తేనెటీగల పెంపకం నేర్పి, బదులుగా కార్లను అప్పగించమని కోరడం కూడా అంతే సమంజసం.

తెలుగు పాఠకులకు ఇది పరాయి ముచ్చటేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడగా, 2002లో ప్రపంచ బ్యాంకు రుణంతో సామాజిక అటవీ యాజమాన్య ప్రాజెక్టు వచ్చింది. అడవి మీద ప్రజల భాగస్వామ్యం అన్న మాట వెనుక గిరిజనుల పోడు భూములలోకే మొక్కలు నడిచి వస్తున్నాయన్న ఫిర్యాదు అప్పుడే వినిపించింది. సాగుచేసుకుంటున్న నేల మీద హక్కు అన్న మాట పార్లమెంటు చట్టంలోకి రావడానికి 2006 దాకా ఆగవలసి వచ్చింది.

విద్య, వైద్యం, ఉపాధి అడవికి పనికిరావని దీని అర్థం కాదు. ఆ మాట అనడానికి సాక్ష్యం ఎదురు తిరుగుతుంది. బోర్నియోలోని గునుంగ్ పలుంగ్ జాతీయోద్యానం పక్కన 2007లో ఆరంభమైన వైద్యశాల, ఏమి కావాలని ముందుగా గ్రామస్థులనే అడిగింది. వారు కోరింది చవకైన వైద్యం, ఎరువులు కొనకుండా సేద్యం చేసే శిక్షణ. నరికివేత తగ్గించిన గ్రామాలకు వైద్యం ధరలో తగ్గింపు ఇచ్చారు, రుసుముకు బదులు మొక్కలు కూడా స్వీకరించారు; పదేళ్లలో ఆ ఉద్యానంలో అటవీ నష్టం 70 శాతం తగ్గినట్లు 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. ఉగాండాలో సదస్సుల సంగతి పక్కనపెట్టి, చెట్లు కొట్టని అటవీ భూముల యజమానులకు హెక్టారుకు ఏటా 70,000 ఉగాండా షిల్లింగులు నేరుగా చెల్లించగా, రెండేళ్లలో చెల్లింపు లేని గ్రామాలలో 9.1 శాతం తరిగిన చెట్ల విస్తీర్ణం చెల్లింపు ఉన్నచోట 4.2 శాతమే తరిగిందని 2017లో వెల్లడయింది. అడగడం, చెల్లించడం అన్న ఈ రెండు మొరటు పద్ధతులలో ఫొటో తీసుకోవడానికి బ్యానర్ ఉండదు. నిపుణులకు అవి అంతగా రుచించకపోవడానికి అదే కారణం కావచ్చు.

మడగాస్కర్ కుటుంబాలకు పూర్తి పరిహారం చెల్లించడం, అడవి దక్కడం వల్ల ప్రపంచానికి చేకూరే విలువను బట్టి చూస్తే, భరించదగినదేనని పౌడ్యాల్ బృందమే అభిప్రాయపడింది. అందువల్ల డబ్బు లేదన్న సాకు చెల్లదు. దాతలు తదుపరి అవగాహన సదస్సుకు తేదీ ఖరారు చేసే ముందు, ఆ 3,020 కుటుంబాల బాకీ తీర్చాలి.